చెవి సాక్ష్యం: రాజకీయం, క్రీడ, స్వీయగాథలలో అంధ వక్త అభిప్రాయం

ఉపోద్ఘాతం

మన వాఙ్మయంలో ప్రసార వ్యాఖ్యానానికి తొలి ఉదాహరణ చెప్పమంటే ఎక్కువమంది సంజయుణ్ణి పేర్కొంటారు. కురుక్షేత్రంలో జరిగినదంతా హస్తినాపురంలో కూర్చున్న రాజుకు అతడు వినిపించాడు. ఈ పోలికను తరచుగా వాడుతున్నా ఇందులోని ఒక అంశాన్ని మనం అంతగా పట్టించుకోలేదు. ఆ ప్రసారంలో వక్త చూపున్నవాడు, శ్రోత చూపులేనివాడు. యుద్ధానికి ముందు వ్యాసుడు దృష్టిని ఇవ్వజూపితే, స్వజనుల వధను చూడలేననీ, వినడానికి మాత్రం సిద్ధమేననీ ధృతరాష్ట్రుడు అన్నట్లు భారత కథ చెబుతుంది. తిక్కన యుద్ధపర్వాలు చదివే తెలుగు పాఠకుడు కూడా ఆ అంధ శ్రోత పక్కనే కూర్చుని వింటాడు. చూసినవాడు చెప్పాలి, చూడనివాడు వినాలి అనే ఏర్పాటు అక్కడి నుంచి మన ఆలోచనలో స్థిరపడింది.

ఈ ఏర్పాటు తలకిందులైతే ఏమవుతుంది? చూపులేనివాడు మైకు ముందు కూర్చుని తన ఊరి రాజకీయాల గురించి, ఆటల గురించి, తన బతుకు గురించి మాట్లాడితే ఆ మాటను విమర్శ ఎలా స్వీకరించాలి? ఈ ప్రశ్నను పరిశీలించడమే ప్రస్తుత వ్యాసం ఉద్దేశం. తెలుగులో దీనికి అతి సమీపమైన ఉదాహరణగా చిలకమర్తి లక్ష్మీనరసింహంగారిని (1867–1946) తీసుకుంటున్నాను. ఆయన రంగస్థలం రేడియో కాదు. సభావేదిక, పత్రిక, లేఖకుడికి చెప్పి రాయించిన గ్రంథం ఆయన సాధనాలు. అయినా పదిమందిని ఉద్దేశించి నోటిమాటతో లోకవ్యవహారాలపై అభిప్రాయం ప్రకటించడమే ప్రసారకుని పని అయితే, ఆయన రేడియోకు ముందుకాలపు ప్రసారకుడే. క్రీడావ్యాఖ్యానానికి జింబాబ్వేకు చెందిన డీన్ డుప్లెసీనీ, స్వీయగాథకు ఆంగ్ల ప్రసారకుడు పీటర్ వైట్‌నూ పోలికగా తీసుకుంటున్నాను.

ఈ ముగ్గురిని చూసే తీరులో ఒక క్రమం కనిపిస్తుంది. అంధ వక్త మాటను రాజకీయంలో పరోక్షమంటాం, క్రీడలో అద్భుతమంటాం, స్వీయగాథలో స్ఫూర్తి అంటాం. మూడు చోట్లా అతని అభిప్రాయాన్ని అభిప్రాయంగా పరీక్షించే పని మాత్రం మిగిలిపోతుంది. ఈ మినహాయింపు పైకి గౌరవంలా కనిపించినా నిజానికి నిరాకరణే అని నా ప్రతిపాదన.

ప్రత్యక్షం కంటికే పరిమితమా?

సంఘటన జరుగుతుండగా వినిపించే వ్యాఖ్యానాన్ని తెలుగులో ప్రత్యక్ష ప్రసారం అంటున్నాం. ‘ప్రత్యక్షం’ అనగానే కంటికి కనిపించేది అనే అర్థం వాడుకలో బలపడింది. శాస్త్రంలో ఆ మాటకు అంత ఇరుకు లేదు. న్యాయదర్శనం ఇంద్రియానికీ విషయానికీ కలిగే సంబంధం వల్ల పుట్టే జ్ఞానాన్ని ప్రత్యక్షం అంటుంది. ఆ ఇంద్రియం కన్నే కానక్కరలేదు. చెవి, ముక్కు, నాలుక, చర్మం కూడా ప్రత్యక్షజ్ఞానానికి ద్వారాలే. ఆ లెక్కన బంతి బ్యాటుకు తగిలిన చప్పుడును మైదానం అంచున కూర్చుని విన్నవాడికి కలిగినది ప్రత్యక్షజ్ఞానమే. మర్నాడు పత్రికలో ఛాయాచిత్రం చూసినవాడికి ఆ బంతి పరోక్షం.

తెలుగు భాష ఈ విషయంలో శాస్త్రానికి దగ్గరగానే ఉంది. మనం రుచి చూస్తాం, వాసన చూస్తాం, పాట విని చూస్తాం, జ్వరం వచ్చిందేమోనని నుదురు తాకి చూస్తాం. ఈ ప్రయోగాల్లో ‘చూచు’ అనే క్రియ కంటి పనిని వదిలి పరీక్షించడం అనే అర్థాన్ని తీసుకుంది. చూపులేని తెలుగువారు కూడా ఈ మాటలను ఏ ఇబ్బందీ లేకుండా వాడతారు. అదే భాషలో ‘గుడ్డి నమ్మకం’, ‘అంధానుకరణ’ వంటి మాటలూ ఉన్నాయి. చూపులేమిని వివేకం లేకపోవడంగా మార్చే ఆ మాటలకూ, పరీక్షను చూపుగా పిలిచే ఈ క్రియకూ మధ్య ఉన్న వైరుధ్యాన్ని మన అర్థవిచారం ఇంకా తగినంతగా చర్చించవలసి ఉంది. కంటితో చూసినదీ చెవితో విన్నదీ కూడా అబద్ధం కావచ్చు, తీర విచారించినదే నిజం అనే లోకోక్తి మనకు ఉండనే ఉంది. అది కంటికి చెవికన్నా పెద్దపీట వేయలేదు. రెండింటినీ విచారణ ముందు సమానంగా నిలబెట్టింది.

రాజకీయం: 1907 నాటి రాజమండ్రి వేదిక

చిలకమర్తికి చిన్ననాటి నుంచి రేచీకటి ఉంది. వయసుతో చూపు క్రమంగా తగ్గి చివరికి పూర్తిగా పోయింది. ఆయన ‘రామచంద్రవిజయము’ నవల 1894లో చింతామణి పత్రిక పోటీలో బహుమతి పొందింది. ‘గయోపాఖ్యానం’ నాటకం, ‘గణపతి’ నవల ఆయన కీర్తిని ఇంటింటికీ చేర్చాయి. మనోరమ, దేశమాత పత్రికలు నడిపారు. 1909లో దళిత బాలల కోసం రాజమండ్రిలో పాఠశాల స్థాపించారు. ఇవన్నీ స్థానిక ప్రజాజీవితంలో నిండా మునిగిన మనిషి పనులు.

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రిలో ఇచ్చిన ఉపన్యాసాలను చిలకమర్తి తెలుగులో సభకు వినిపించారు. ఆ సందర్భంలోనే పాడియావు పద్యం పుట్టింది. సాహిత్యచరిత్రలు పద్యాన్ని గుర్తుపెట్టుకున్నంతగా అనువాదాన్ని గుర్తుపెట్టుకోలేదు. ప్రస్తుత చర్చకు అనువాదమే ముఖ్యం. సభలో అనువాదకుడి చెవి పరభాషా వాక్యాన్ని పట్టుకుంటుంది, జ్ఞాపకం దాన్ని నిలుపుతుంది, నోరు దాన్ని స్వభాషలో సభకు చేరుస్తుంది. వక్త ఆపిన చోట అందుకోవాలి, మళ్ళీ మొదలుపెట్టక ముందే ముగించాలి. సంజయుడి పని ఇక్కడ చూపు తక్కువైన మనిషి చేశాడు, చూపున్న వేలమంది శ్రోతలయ్యారు. తెలుగు నేల మీద సంజయ-ధృతరాష్ట్ర సంబంధం తలకిందులైన సన్నివేశం ఇది.

ఇక పద్యం విషయం. దేశం పాడియావు, ప్రజలు ఏడుస్తున్న లేగదూడలు, పాలకులు ఆ దూడల మూతులు బిగించి పాలు పితుక్కునే గడుసరి గొల్లలు. ఈ రూపకంలో ప్రాణమంతా ఏడుపులోనూ, బిగించిన మూతిలోనూ ఉంది. మూతి కట్టినా ఆగని ఏడుపు ఆనాటి రాజకీయ స్థితికి సరిగ్గా అతికింది. కవికి చూపు తక్కువ కనుక శబ్దప్రధానమైన రూపకం కట్టాడని అనడం తొందరపాటు అవుతుంది. దూడకు మూతి కట్టడం పాడి తెలిసిన ప్రతి ఇంటికీ ఎరుకైన సంగతి. గమనించవలసింది వేరే ఉంది. దేశ సంపద బయటికి తరలిపోతున్నదన్న వాదాన్ని దాదాభాయి నౌరోజీ అంకెలతో నిరూపించారు. ఆ తరలింపును కంటితో చూసినవారు ఎవరూ లేరు. అది లెక్కలు వేసి, పోల్చి, ఊహించి తెలుసుకున్న సత్యం. అటువంటి రాజకీయ సత్యం దగ్గర చూపున్నవాడికి చూపులేనివాడి కంటే అదనంగా ఒరిగేది ఏమీ లేదు. కనుక చిలకమర్తి రాజకీయ అభిప్రాయాన్ని పరోక్షమని తగ్గించడానికీ ఆధారం లేదు, చూపులేకున్నా చెప్పగలిగారని మెచ్చుకోవడానికీ ఆధారం లేదు. ఆ రూపకం వలస ఆర్థికాన్ని సరిగా పట్టుకుందా, గొల్లవృత్తిని మోసానికి ప్రతీక చేయడంలో పొరపాటేమైనా ఉందా అని అడగడమే సరైన విమర్శ.

కంటికి అందని ఈ స్థానిక రాజకీయానికి నేటి ఉదాహరణ కావాలంటే సంగారెడ్డి జిల్లాలోని గడ్డపోతారం చాలు. కాజిపల్లి, బొల్లారంలతో కలిసి ఇది ఔషధ, రసాయన పరిశ్రమల వాడ. పటాన్‌చెరు ప్రాంతపు పారిశ్రామిక కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. వ్యర్థాలు చేరిన నక్కవాగు మంజీరలో కలుస్తుంది. ఈ వాడలో గాలి సంగతి రాత్రివేళ ముక్కుకు తెలుస్తుంది. బోరునీటి సంగతి నాలుకకు తెలుస్తుంది. షిఫ్టు మారే వేళ రోడ్డు మీద వినిపించే హిందీ, ఒడియా, భోజ్‌పురి మాటలు ఇక్కడి శ్రామికుల వలసను చెవికి చెబుతాయి. ఇక్కడి రాజకీయంపై అభిప్రాయం ఏర్పరచుకోవడానికి కావలసిన ప్రత్యక్ష ప్రమాణాల్లో అధికభాగం కంటివి కావు. ఇటువంటి చోట చూపులేని మనిషి సాక్ష్యాన్ని విచారణాధికారి రెండో తరగతిగా లెక్కిస్తే లోపం సాక్షిది కాదు.

అయితే అటువంటి అభిప్రాయం ప్రసారం కావడానికి వేదిక ఏది? ఇదే జిల్లా మాచునూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో దళిత స్త్రీలు నడుపుతున్న సంగం రేడియో 2008 అక్టోబరు 15న మొదలైంది. విత్తనం, పంట, పాట, వైద్యం వారి గొంతులోనే వారి యాసలోనే వినిపించాయి. స్వచ్ఛంద సంస్థలకు రేడియో అనుమతినిచ్చిన 2006 నాటి విధానమే వార్తలను, రాజకీయ స్వభావం గల వర్తమాన వ్యవహారాలను కమ్యూనిటీ రేడియోలకు నిషేధించింది. ఆకాశవాణి వార్తలను ఉన్నవి ఉన్నట్లు తిరిగి వినిపించే సడలింపు తర్వాత వచ్చింది. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒక క్రికెట్ పోటీ ప్రసార హక్కుల తగాదా నుంచి వచ్చినదే. ఆటకు తెరుచుకున్న తలుపు స్థానిక రాజకీయానికి పూర్తిగా తెరుచుకోలేదు. పత్రిక నడుపుతూ, వేదిక ఎక్కుతూ చిలకమర్తి 1907లో చేసిన పని నేటి గ్రామీణ ప్రసారకుడికి, చూపున్నా లేకున్నా, నియమాల రీత్యా కష్టసాధ్యం. అంధ ప్రసారకుని ప్రశ్న వ్యక్తి శక్తికి సంబంధించినది మాత్రమే కాదని, సంస్థల నిర్మాణానికి కూడా సంబంధించినదని ఇది తెలుపుతుంది.

క్రీడ: అద్భుతం అనే అడ్డంకి

క్రీడావ్యాఖ్యానంలో కన్ను అనివార్యమన్న నమ్మకం మరీ బలమైనది. దీన్ని ప్రశ్నించిన వ్యక్తి డీన్ డుప్లెసీ. పుట్టుకతో అంధుడైన ఈయన 2001లో జింబాబ్వేలో క్రికెట్ వ్యాఖ్యానం మొదలుపెట్టారు. వికెట్ల దగ్గర అమర్చిన మైకుల ధ్వని ఆయన ప్రధాన ఆధారం. బౌలర్ అడుగుల చప్పుడు, బంతి విసిరేటప్పుడు వచ్చే మూలుగు, బ్యాటుకు బంతి తగిలిన తీరు, ఆటగాళ్ళ పిలుపులు, ప్రేక్షకుల కేకలు కలిపి ఆయన ఆటను అర్థం చేసుకుంటారు. బంతి బంతికీ వర్ణన చెప్పే పని పక్కనున్న వ్యాఖ్యాతది. విశ్లేషణ, ఆటగాళ్ళ చరిత్ర, గణాంకాల జ్ఞాపకం, ఆట పోకడపై అభిప్రాయం ఈయన వంతు.

ఆయన గురించిన కథనాల్లో ఆశ్చర్యమే ప్రధానరసం. చూడకుండా ఎలా చెప్పగలిగారన్న ప్రశ్న దగ్గరే అవి ఆగిపోతాయి. ఒక జట్టు ఎంపికపైనో ఒక కెప్టెన్ నిర్ణయంపైనో ఆయన అభిప్రాయం సరైనదా అన్న ప్రశ్నకు వాటిలో చోటు తక్కువ. అలంకారశాస్త్ర పరిభాషలో ఇది అద్భుతరసం వల్ల కలిగే చిక్కు. అద్భుతానికి స్థాయి విస్మయం. విస్మయం కలిగిన చోట సహృదయుడు వాదానికి దిగడు. కాని వ్యాఖ్యాతకు కావలసింది వాదానికి దిగే శ్రోత.

తెలుగువారికి ఈ సంగతి దూరపుది కాదు. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి భారత అంధుల క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించారు. ఆ జట్టు 2017లో బెంగళూరులో టీ20 ప్రపంచకప్పును, 2018లో షార్జాలో వన్డే ప్రపంచకప్పును గెలిచింది. రెండు ఫైనళ్ళలోనూ ప్రత్యర్థి పాకిస్తానే. 2023 సంవత్సరానికి ఆయనకు అర్జున పురస్కారం లభించింది. ఈ ఆటలో వాడే ప్లాస్టిక్ బంతి లోపల గుండ్లు ఉండి గలగలమంటుంది. బౌలర్ చేయి కిందుగా విసురుతాడు. విసిరే ముందు బ్యాటరు సిద్ధమేనా అని అడగాలి, విసిరేటప్పుడు గట్టిగా పిలవాలి. చూపు స్థాయిని బట్టి ఆటగాళ్ళను బి1, బి2, బి3 వర్గాలుగా విభజించి, పూర్తి అంధులైన బి1 ఆటగాళ్ళకు జట్టులో నిర్ణీత స్థానాలు కేటాయిస్తారు. అంటే ఇక్కడ ధ్వని ఆట నియమాల్లోనే భాగం. ఈ ఆటను చూపున్న వ్యాఖ్యాత మామూలు పద్ధతిలో వర్ణిస్తే ఆటలోని సగం నైపుణ్యం శ్రోతకు చేరదు. బంతి గలగల ఏ వైపు నుంచి, ఎంత వేగంగా, నేల మీద ఎన్ని దెబ్బలతో వచ్చిందన్నదే బ్యాటరుకు కీలకం. అది చెప్పడానికి మన క్రీడావ్యాఖ్యాన భాషలో మాటలు చాలవు. ఆ మాటలను సమకూర్చగలవారు ఆ ఆట ఆడినవారే. కాబట్టి అంధ వ్యాఖ్యాత రాక తెలుగు క్రీడాపరిభాషకు ఒక అవసరం. దాన్ని ఔదార్యంగా భావించనక్కరలేదు.

స్వీయగాథ: స్ఫూర్తికి ఆవల

రాజకీయంలో, క్రీడలో అంధ వక్త మాటను సందేహించే సమాజం స్వీయగాథ దగ్గరికి వచ్చేసరికి చెవులు రిక్కిస్తుంది. అయితే అక్కడ చూపులేమి గురించే వినదలచుకుంటుంది. బిబిసిలో అంధుల కోసం 1961లో మొదలైన ‘ఇన్ టచ్’ కార్యక్రమాన్ని 1974 నుంచి నిర్వహించిన పీటర్ వైట్ ఈ చిక్కును బాగా ఎరిగినవారు. జన్మతః అంధుడైన ఆయన ఆత్మకథ ‘సీ ఇట్ మై వే’ 1999లో వెలువడింది. ఆ పేరులోనే ‘చూచు’ క్రియను కంటి నుంచి విడిపించి దృక్పథానికి అప్పగించారు. వికలాంగులతో ఆయన నడిపిన సంభాషణల పరంపరకు ‘నో ట్రయంఫ్, నో ట్రాజెడీ’ అని పేరు. విజయగాథా కాదు, విషాదగాథా కాదు అన్న ఆ ప్రకటన ఈ తరహా రచనలకు అలవాటైన రెండు మూసలనూ ఒకేసారి తిరస్కరించింది. ‘బ్లైండ్ మ్యాన్ రోమ్స్ ద గ్లోబ్’ కార్యక్రమంలో నగరాలను ధ్వనుల ద్వారా పరిచయం చేశారు. ఈ మూడింటినీ కలిపి చదివితే, చూపులేమి ఆయనకు మాట్లాడే చోటు మాత్రమేననీ, మాట్లాడే విషయం దానికి పరిమితం కాదనీ తెలుస్తుంది.

చిలకమర్తి ‘స్వీయచరిత్రము’ను ఈ వెలుగులో మళ్ళీ చదవాలి. చూపు పోయిన వృద్ధాప్యంలో చెప్పి రాయించిన ఆ గ్రంథంలో గోదావరి తీరపు గ్రామాలు, బడులు, స్నేహాలు, నాటక సమాజాలు, వీరేశలింగంగారి కాలపు రాజమండ్రి ప్రజాజీవితం విస్తారంగా ఉన్నాయి. తన దృష్టిలోపాన్ని ఆయన దాచలేదు. అలాగని దాని చుట్టూ కథ అల్లనూ లేదు. దాన్ని మన సాహిత్యచరిత్ర అల్లింది. ఆయనకు మనం ఇచ్చిన రెండు బిరుదులను పోల్చి చూస్తే ఇది స్పష్టమవుతుంది. ‘ఆంధ్ర స్కాట్’ ఆయన నవలలను బట్టి వచ్చింది. అది ఎంతవరకు తగినదో చర్చించవచ్చు, నవలలను పక్కపక్కన పెట్టి తేల్చవచ్చు. ‘ఆంధ్ర మిల్టన్’ ప్రధానంగా కళ్ళను బట్టి వచ్చింది. గణపతి హాస్యానికీ మిల్టన్ పురాణగంభీరతకూ కావ్యధర్మం రీత్యా పొత్తు కుదరదు. మొదటి బిరుదు విమర్శకు లోబడుతుంది, రెండోది లోబడదు. అంధ రచయితను స్ఫూర్తిగా మార్చడమంటే అతన్ని విమర్శకు అందకుండా చేయడమేనని ఈ బిరుదు చరిత్ర చెబుతుంది.

ఇటీవలి పరిభాష కూడా ఇదే దారిలో నడిచింది. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో సూచించిన ‘దివ్యాంగులు’ అనే మాట ప్రభుత్వ వ్యవహారంలో స్థిరపడింది. కించపరిచే పాత మాటలను తొలగించాలన్న ఉద్దేశం మంచిదే. అయినా ‘దివ్య’ శబ్దం మనిషిని మానుషపరిధి దాటించి కూర్చోబెడుతుంది. దివ్యదృష్టి పొందిన సంజయుణ్ణి ధృతరాష్ట్రుడు నిందించాడు, ప్రశ్నించాడు, కాని అతని వార్తను కాదనలేకపోయాడు. ప్రసారకుడికి అటువంటి దివ్యత్వం అక్కరలేదు. అతని మాటను కాదనే అవకాశం శ్రోతకు ఉన్నప్పుడే అది అభిప్రాయంగా నిలుస్తుంది.

ఒక ఆక్షేపణ

ఇంతవరకు చెప్పినదానిపై ఒక న్యాయమైన ఆక్షేపణ ఉంది. అంధ వక్త ఇతరుల కళ్ళపై ఆధారపడతాడు. డుప్లెసీకి పక్కన వర్ణించే వ్యాఖ్యాత కావాలి. చిలకమర్తికి పత్రికలు చదివి వినిపించేవారు, చెప్పినది రాసేవారు కావాలి. చదివేవారు ఏది చదివారు, ఏది వదిలారు అన్నదాని మీద ఆయన అభిప్రాయం ఆధారపడదా? ఆధారపడుతుంది. దీన్ని కాదనడం కంటే పరిశోధనాంశంగా స్వీకరించడం మేలు. చెప్పి రాయించిన గ్రంథంలో మౌఖిక శైలి ఆనవాళ్ళు ఏవి, లేఖకుడి చేతివాటం ఎక్కడ ఉండవచ్చు, పునరుక్తులు జ్ఞాపకానికి ఊతాలా లేక రచనాదోషాలా అన్న ప్రశ్నలతో ‘స్వీయచరిత్రము’ పాఠపరిష్కరణ జరగాలి. తిక్కన చెబుతుంటే గురునాథుడు రాశాడన్న కథను ఆదరంగా చెప్పుకునే సాహిత్యలోకానికి ఈ పని కొత్త కాకూడదు.

ఆధారపడటం అంధులకే పరిమితం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. చూపున్న వ్యాఖ్యాత స్కోరరుపై, పునఃప్రదర్శన దృశ్యాలపై, గణాంక నిపుణుడిపై ఆధారపడతాడు. రాజకీయ విశ్లేషకుడు విలేఖరులపై ఆధారపడతాడు. వారి ఆధారం మనకు కనిపించదు, వీరి ఆధారం కనిపిస్తుంది. భేదం ఇంతే. అలాగని అంధుల చెవికి అసాధారణ శక్తి ఉందని పొగడటం పాత తప్పుకు కొత్త రూపమే అవుతుంది. డుప్లెసీ వినికిడి అభ్యాసం వల్ల వచ్చినది. సంగీత విద్యార్థి శ్రుతిజ్ఞానం వంటిదే అది. అభ్యాసాన్ని వరంగా చెబితే అందులోని శ్రమ కనుమరుగవుతుంది.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, ప్రత్యక్షాన్ని కంటికి పరిమితం చేయడానికి మన శాస్త్రమూ మన భాషా అంగీకరించవు. కాబట్టి అంధ వక్త మాటను పరోక్షమని తగ్గించే పద్ధతికి ఆధారం లేదు. రెండవది, అద్భుతం, స్ఫూర్తి అనే ప్రశంసలు వక్తను విమర్శ పరిధి నుంచి తొలగిస్తాయి. చిలకమర్తి విషయంలో ‘ఆంధ్ర మిల్టన్’ బిరుదు చేసినది అదే. మూడవది, ఆధారపడటాన్ని లోపంగా భావించక పాఠం పుట్టిన పద్ధతిగా పరిశీలిస్తే, చెప్పి రాయించిన గ్రంథాల అధ్యయనానికి కొత్త మార్గం ఏర్పడుతుంది.

అంధ వక్తకు విమర్శకుడు చేయగల మర్యాద అతనితో విభేదించడానికి సిద్ధపడటం. పాడియావు పద్యంలోని గొల్లవాడి రూపకంపై వృత్తికులాల వైపు నుంచి అభ్యంతరం చెప్పవచ్చు. ఒక ఇన్నింగ్స్‌పై డుప్లెసీ అంచనా తప్పని వాదించవచ్చు. అలా వాదించేటప్పుడు మనం ఆయన కళ్ళ గురించి మాట్లాడం, ఆట గురించి మాట్లాడతాం. మన విశ్వవిద్యాలయాల్లో ‘స్వీయచరిత్రము’ను పాఠ్యాంశంగా బోధించే ప్రతిచోటా, పరీక్షలో రచయిత అంధత్వంపై అడిగే ప్రశ్నకు బదులు, ఆయన రాజమండ్రి రాజకీయాలపై ప్రకటించిన ఒక అభిప్రాయాన్ని సమర్థించమనో ఖండించమనో విద్యార్థిని అడగడంతో ఈ మార్పు మొదలుకావచ్చు.